ఇంట్లో మాట ఒకటే, రాతలు మాత్రం మూడు: ఎదిగే వయసులో మన పిల్లల 'నేనెవరు?' ప్రశ్న

కొత్తకోట: తొమ్మిదో తరగతి చదివే పిల్లాడు ఇంట్లో అమ్మీతో ఉర్దూలో మాట్లాడతాడు. గడప దాటగానే దోస్తులతో పాలమూరు తెలుగు. బడిలో పాఠం ఇంగ్లిష్‌లో. సాయంత్రం మక్తబ్‌లో అరబీ హర్ఫులు. ఒక్క రోజులో నాలుగు భాషల మధ్య తిరిగి ఇంటికొస్తాడు. పన్నెండేళ్ల దాకా ఇదెవరికీ సమస్యగా కనిపించదు. ఆ తర్వాతే లోపల ఒక ప్రశ్న మొదలవుతుంది: వీటన్నిటిలో నేనెవర్ని?

ఈ ప్రశ్నను చాలామంది పిల్లలు పైకి అడగరు. బస్టాండ్‌లో అమ్మీ గట్టిగా ఉర్దూలో పిలిస్తే సిగ్గుపడతారు. దోస్తుల్ని ఇంటికి తీసుకురారు. లేదంటే ఉన్నట్టుండి మన వాళ్లతో తప్ప ఎవరితోనూ కలవనంటారు. ఇంట్లో వాళ్లు దీన్ని మొండితనం అనుకుంటారు. నిజానికి ఆ ప్రశ్నకు ఇంట్లో దొరికే జవాబు మీదే పిల్లల స్నేహాలు, ధైర్యం, నలుగురిలో మెలిగే తీరు చాలావరకు ఆధారపడి ఉంటాయి.

ఆ వయసులో ఏం జరుగుతుంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 10 నుంచి 19 ఏళ్ల వరకు కౌమారం. ఒళ్లు ఎదగడం కళ్లకు కనిపిస్తుంది, మనసు ఎదగడం కనిపించదు. తానెవరో తేల్చుకోవడమే ఈ వయసులో మనసు చేసే ముఖ్యమైన పని అని ఎరిక్ ఎరిక్సన్ అనే మనస్తత్వవేత్త చెప్పారు. దీని మీద ఆయన రాసిన పుస్తకం 1968లో వచ్చింది.

రెండు సంస్కృతుల మధ్య పెరిగే పిల్లల్లో ఇది ఎలా సాగుతుందో జీన్ ఫిన్నీ అనే పరిశోధకురాలు 1989లో వివరించారు. మొదటి దశలో పిల్లలు ఇంట్లో ఉన్నదాన్ని ప్రశ్నించకుండా తీసుకుంటారు, లేదా బయటివాళ్లు చెప్పిందే నమ్ముతారు. రెండో దశ వెతుకులాట. మనం ఎక్కడివాళ్లం, మన పేర్లు ఎందుకు వేరు, మన తిండి, పండుగ ఎందుకు వేరు అని తెలుసుకోవాలనుకుంటారు. మూడో దశలో ఒక కుదురు వస్తుంది. తన వాళ్లంటే ఇష్టం ఉంటుంది, పక్కవాళ్లంటే బెదురు ఉండదు. రెండో దశలో అడిగినవాడికి ఇంట్లో జవాబు దొరకకపోతే ఫోన్‌లో వెతుక్కుంటాడు. అక్కడ దొరికే జవాబులు ఎలాంటివో పెద్దలకు తెలియంది కాదు.

అమెరికాలో లాటినో ఇళ్లు, ఇక్కడ మన ఇళ్లు

ఇంట్లో ఒక భాష, బయట ఒక భాషగా పెరిగే పిల్లల మీద ఎక్కువ పరిశీలన జరిగిన చోట్లలో అమెరికా ఒకటి. మెక్సికో, క్యూబా, ప్యూర్టోరికో వంటి చోట్ల మూలాలున్న కుటుంబాలను అక్కడ లాటినోలు అంటారు. 2020 జనగణన ప్రకారం వాళ్లు 6 కోట్ల 20 లక్షలకు పైనే, అంటే దేశ జనాభాలో దాదాపు 19 శాతం. వాళ్లలో చాలా ఇళ్లల్లో స్పానిష్, బడిలో ఇంగ్లిష్.

ఒక తేడా ముందే చెప్పుకోవాలి. లాటినోల్లో చాలా కుటుంబాలు ఒకటి రెండు తరాల కింద వేరే దేశం నుంచి వచ్చినవి. పాలమూరు ముస్లింలు వలస వచ్చినవాళ్లు కాదు, ఈ నేల మీదే తరతరాలుగా ఉన్నవాళ్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో ముస్లింలు సుమారు 12.7 శాతం. కాబట్టి అక్కడి లెక్కల్ని తెచ్చి ఇక్కడ అతికించలేం. కానీ ఇంటి లోపలి సంగతి మాత్రం చాలా దగ్గరగా ఉంటుంది. పెద్దల మాటకు విలువ, ఇంటి పరువు, అత్తా మామా నానీ దాదీ అందరూ కలిసి పిల్లల్ని పెంచడం, ఆడపిల్ల మీద ఎక్కువ కాపలా. ఇవి రెండు చోట్లా ఉన్నాయి.

స్పానిష్‌లో 'ఎడ్యుకాసియోన్' అనే మాట ఉంది. ఇంగ్లిష్‌లో దానికి దగ్గరి మాటకు చదువు అని అర్థం. లాటినో తల్లికి మాత్రం అది చదువు ఒక్కటే కాదు. పెద్దల ముందు ఎలా కూర్చోవాలి, ఎలా మాట్లాడాలి, అదీ అందులోనే ఉంటుంది. మన ఇళ్లల్లో దీనికి రెండు మాటలున్నాయి: తాలీమ్, తర్బియత్. పెద్దలు కూర్చోబెట్టి చెప్పే మంచి మాటల్ని వాళ్లు 'కొన్సేహోస్' అంటారు, మనం నసీహత్ అంటాం. సూరె లుఖ్మాన్ తెలిసిన ఇంట్లో తండ్రి కొడుకును దగ్గరికి తీసుకుని చెప్పడం అంటే ఏంటో వేరే వివరించక్కర్లేదు.

పిల్లలు ముందుకు, పెద్దలు వెనక్కి

అలెహాండ్రో పోర్టెస్, రూబెన్ రుంబాట్ అనే ఇద్దరు సమాజశాస్త్రవేత్తలు 1992లో మయామీ, శాన్ డియేగో ప్రాంతాల్లో ఒక పెద్ద పరిశీలన మొదలుపెట్టారు. ఎనిమిది, తొమ్మిది తరగతులు చదివే 5,262 మంది వలస కుటుంబాల పిల్లల్ని తీసుకుని, వాళ్లు పెద్దవాళ్లయ్యేదాకా మూడు విడతలుగా కలిశారు. ఇంట్లో ఏం జరుగుతుందో మూడు రకాలుగా చెప్పారు.

ఒకటి, పెద్దలు, పిల్లలు దాదాపు కలిసే కొత్త భాష, కొత్త పద్ధతి నేర్చుకోవడం. రెండోది, పిల్లలు వేగంగా ముందుకు పోయి పెద్దలు వెనక ఉండిపోవడం. అప్పుడు పిల్లలు ఇంటి భాష వదిలేస్తారు, అమ్మానాన్న మాటకు బరువు తగ్గుతుంది. మూడోది, బయటిది పూర్తిగా నేర్చుకుంటూనే ఇంటి భాషను, మన అనుకునే నలుగురిని వదలకపోవడం. రెండు భాషలూ బాగా వచ్చిన పిల్లల్లో అమ్మానాన్నలతో గొడవలు తక్కువ, తమ మీద తమకు నమ్మకం ఎక్కువ, పెద్ద చదువుల ఆశ ఎక్కువ అని ఆ పరిశీలనలో తేలింది. ఇంటి భాష వదిలిస్తే పిల్లలు త్వరగా పైకొస్తారనే నమ్మకానికి ఇది ఎదురుదెబ్బ.

కొత్తకోటలో చూస్తే దూరం వచ్చేది వేరే చోట. ఇక్కడ అమ్మీకి తెలుగు రాక కాదు. బజార్లో బేరం తెలుగులోనే ఆడుతుంది, పక్కింటామెతో కష్టసుఖాలు తెలుగులోనే చెప్పుకుంటుంది. దూరం రాతలో ఉంది. దాదా ఉర్దూ చదవగలడు, తెలుగు చదవలేడు. అబ్బా కొద్దిగా తెలుగు చదవగలడు, ఇంగ్లిష్ ప్రోగ్రెస్ కార్డు అర్థం కాదు. పిల్లాడికి ఇంగ్లిష్, తెలుగు వచ్చు, దాదా రాసిన ఉర్దూ ఉత్తరం చదవలేడు. వాట్సాప్‌లో ఉర్దూ మాటల్నే ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతాడు. ఇంట్లో మాట ఒకటే, రాతలు మాత్రం మూడు. పిల్లాడి పుస్తకం పెద్దలు చదవలేరు, పెద్దల పుస్తకం పిల్లాడు చదవలేడు.

దూదేకుల ఇళ్లల్లో ఇంకో సంగతి ఉంటుంది. అక్కడ ఇంటి భాషే తెలుగు. ఆ పిల్లలను కొన్నిసార్లు ముస్లిం పిల్లలే 'ఉర్దూ రాదా?' అని ఎగతాళి చేస్తారు. ఉర్దూ మాట్లాడే పిల్లాడు బడిలో తెలుగు యాసకు నవ్వులపాలైతే ఎంత బాధపడతాడో, ఇదీ అంతే బాధ. తెలుగే అమ్మభాష అయిన ముస్లింలు మన మధ్యే తరాలుగా ఉన్నారని పిల్లలకు చెప్పాల్సింది పెద్దలే.

దుబాసీ పిల్లలు

మీసేవలో దరఖాస్తు నింపడం, బ్యాంకులో కేవైసీ, ఆధార్‌లో పేరు సరిచేయడం, దవఖానలో డాక్టర్ రాసిన చీటీ చదవడం. చాలా ఇళ్లల్లో ఈ పనులు పదో తరగతి పిల్లల మీదే పడతాయి. లాటినో ఇళ్లల్లో కూడా పిల్లలే ఇంటికి దుబాసీలు. దీని మీద అక్కడ చాలా పరిశోధన జరిగింది, ఫలితాలు మాత్రం రెండు రకాలుగా వచ్చాయి. ఇంటికి పనికొస్తున్నానని సంతోషపడే పిల్లలకు ఇది ధైర్యం ఇస్తుంది. మోయలేని బరువుగా అనిపించిన పిల్లల్లో దిగులు పెరుగుతుంది.

తేడా పనిని బట్టి, పెద్దల తీరును బట్టి ఉంటుంది. దరఖాస్తు నింపాక 'శాబాష్ బేటా' అంటే అది ఒక పాఠం. తప్పు పోతే నలుగురి ముందు తిడితే, ఆ పిల్లాడు మళ్లీ ఆఫీసు మెట్లెక్కాలంటేనే భయపడతాడు. అప్పు గొడవలు, కోర్టు కాగితాలు, అమ్మీకి వచ్చిన పెద్ద జబ్బు సంగతి పదమూడేళ్ల పిల్ల నోటితో చెప్పించకూడదు. అలాంటి చోటికి చదువుకున్న బంధువునో, ఆశా వర్కర్‌నో తోడు తీసుకెళ్లడం మంచిది. ఇంకో ముఖ్యమైన మాట: కాగితం చదివేది పిల్లలైనా, నిర్ణయం పెద్దలదే అని ఇంట్లో స్పష్టంగా ఉండాలి. లేకపోతే కాగితంతో పాటు పెత్తనం కూడా పిల్లల చేతికి పోతుంది.

కట్టడి సరే, కారణం చెప్తున్నామా?

పిల్లల పెంపకాన్ని డయానా బామ్రిండ్ అనే మనస్తత్వవేత్త 1966లో మూడు రకాలుగా విడదీశారు: ప్రేమ తక్కువ, హుకుం ఎక్కువ, ప్రేమ ఉంది, కట్టడి లేదు, ప్రేమా ఉంది, కట్టడీ ఉంది, కారణమూ చెప్తారు. మూడోదే మేలని తేల్చారు. తర్వాత లాటినో ఇళ్లను చూసినవాళ్లకు ఈ లెక్క సరిగ్గా సరిపోలేదు. మెలనీ డొమెనెక్ రోడ్రిగెజ్, ఆమె తోటివారు 2009లో రాసిన పరిశోధనలో చాలా లాటినో ఇళ్లల్లో ప్రేమ ఎక్కువ, కట్టడి ఎక్కువ, పిల్లలకు సొంత నిర్ణయం తక్కువ అని గమనించి, దీనికి 'కాపాడే పెంపకం' అనే పేరు పెట్టారు. కొడుక్కీ కూతురికీ పెట్టే నియమాలు వేరుగా ఉండటమూ వాళ్లు చూశారు.

ఈ వర్ణన వింటే మన ఇల్లే గుర్తొస్తుంది. కట్టడి దానంతట అది చెడ్డది కాదు. అది ప్రేమతో వస్తుందని పిల్లలకు తెలిసినంతకాలం నిలుస్తుంది. చిక్కు వచ్చేది రెండు చోట్ల. 'నేను చెప్పాను కాబట్టి' అన్నదే కారణమైనప్పుడు ఒకటి. పద్దెనిమిదేళ్లు వచ్చినా పదేళ్లప్పటి నియమమే ఉన్నప్పుడు రెండోది.

ఆడపిల్లల విషయంలో ఇది గట్టిగా కనిపిస్తుంది. అన్న ఇషా దాకా చౌరస్తాలో ఉంటే ఎవరూ అడగరు. చెల్లెలు ట్యూషన్ నుంచి పావుగంట ఆలస్యమైతే ఇల్లంతా గడప దగ్గరే. పెద్దల భయం ఊరికే పుట్టింది కాదు, హైవే పక్క ఊరు, దారిలో ఏడిపించేవాళ్లు ఉంటారు. కానీ ఆ భయంతో పదో తరగతి దగ్గరే చదువు ఆపితే ఆ పిల్లకు పోయేది సర్టిఫికెట్ ఒక్కటే కాదు. బస్సులో ఒంటరిగా పోవడం, బ్యాంకులో నిలబడి మాట్లాడటం, తనకు నచ్చని మాటకు వద్దని చెప్పడం, ఇవన్నీ ఈ వయసులోనే నేర్చుకోవాలి. వనపర్తి కాలేజీకి పోయే అమ్మాయిలు నలుగురు కలిసి ఒకే బస్సు ఎక్కేలా తల్లులే మాట్లాడుకుంటే, కాపలా తగ్గకుండానే చదువు సాగుతుంది.

కొడుకుల సంగతీ వదలకూడదు. ఎవరూ అడగకపోవడాన్ని వాళ్లు స్వేచ్ఛ అనుకోరు, కొన్నాళ్లకు నన్నెవరూ పట్టించుకోరు అనుకుంటారు. రాత్రి దస్తర్‌ఖాన్ మీద అందరూ కూర్చున్నప్పుడు 'ఈ రోజు ఎవరితో తిరిగావ్ బేటా' అనే ఒక్క ప్రశ్న, కొట్టడం కంటే బాగా పనిచేస్తుంది.

మనమెవరో చెప్పే నాలుగు తీర్లు

బయట తమను వేరుగా చూసే సమాజంలో పెరిగే పిల్లలకు ఇంట్లో ఏం చెప్తారన్నది డయాన్ హ్యూస్, మరికొందరు పరిశోధకులు 2006లో నాలుగు తీర్లుగా విడదీశారు.

మొదటిది, మన చరిత్ర, పండుగలు, భాష, గొప్పవాళ్ల గురించి చెప్పడం. రెండోది, బయట వివక్ష ఎదురైతే ఎలా నిలబడాలో సిద్ధం చేయడం. మూడోది, 'వాళ్లను నమ్మకు, కలవకు' అని చెప్పడం. నాలుగోది, అందరూ సమానమే అని చెప్పడం, లేదా ఏమీ చెప్పకుండా వదిలేయడం.

వీటిలో మొదటిదే పిల్లలకు ఎక్కువ మేలు చేస్తుందని చాలా పరిశోధనలు చెప్తున్నాయి. మూడోది ఎక్కువైన ఇళ్లల్లో పిల్లల్లో చెడు ఫలితాలు కనిపించాయి. రెండోది మందు లాంటిది, మోతాదు ముఖ్యం. రోజూ భయమే నూరిపోస్తే పిల్లలు ముడుచుకుపోతారు. అసలే చెప్పకపోతే బడిలో ఎవడో 'పాకిస్తాన్‌కు పో' అన్నప్పుడు, వాళ్లకు ఏడవడమో కొట్టుకోవడమో తప్ప ఇంకో దారి తెలియదు. 'ఇది మా తాతముత్తాతల ఊరు, నాదీ ఇదే ఊరు' అని తొణక్కుండా చెప్పి, టీచర్‌కు తెలపడం ఇంట్లో నేర్పితేనే వస్తుంది.

ఎడ్రియానా ఉమాన్యా టేలర్ అనే పరిశోధకురాలు లాటినో పిల్లల మీద చాలా ఏళ్లు పనిచేశారు. ఇంట్లో తమ మూలాల గురించి ఎక్కువ విన్న పిల్లలే తామెవరో ఎక్కువగా వెతుక్కుని, ఎక్కువ కుదురుకున్నారని ఆమె పరిశోధనలు చూపించాయి. తర్వాత బడిలో 8 వారాలు చెప్పే పాఠాలు తయారుచేసి, అన్ని జాతుల పిల్లలనూ కలిపి కూర్చోబెట్టారు. తమ గురించి తెలుసుకున్న పిల్లలు పక్కవాళ్లకు దూరం కాలేదు.

చెప్పడానికి మన దగ్గర ఏముంది?

చాలానే ఉంది. ఉర్దూ, తెలుగు ఒకదానికొకటి శత్రువులు కావని పాలమూరు చరిత్రే చెప్తుంది. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీలో చదువు ఉర్దూలో సాగింది. అప్పట్లో ఉర్దూ నేర్చింది ముస్లింలు ఒక్కరే కాదు. హైదరాబాద్ రాష్ట్రానికి 1952లో ముఖ్యమంత్రి అయిన పాలమూరు బిడ్డ బూర్గుల రామకృష్ణారావు ఉర్దూ, ఫార్సీ తెలిసిన పండితుడు. అదే ఏడు వనపర్తి నుంచి అసెంబ్లీకి గెలిచిన సురవరం ప్రతాపరెడ్డికీ ఉర్దూ, ఫార్సీ వచ్చు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు ఆయన జవాబు గొడవ కాదు. 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చి చూపించారు. ఎగతాళికి ఎలా జవాబివ్వాలో పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

భాషల సంగతి చూసినా అంతే. జల్ది, షురూ, దర్వాజ, దవఖాన, పరేషాన్. ఇవి లేకుండా పాలమూరు తెలుగు లేదు. మన దక్కనీ కూడా తెలుగు నీడలో పెరిగిందే. 'వస్తనని చెప్పిండు' అనే మాటలో 'అని' ఏ పని చేస్తుందో, 'ఆతూం బోల్‌కే బోలా' అనే మాటలో 'బోల్‌కే' అదే పని చేస్తుంది. దక్కనీ మాట్లాడితే హైదరాబాద్‌లో, తెలుగు మాట్లాడితే బడిలో నవ్వారని బాధపడే పిల్లకు ఈ సంగతి చెప్తే, తనది సగం సగం భాష కాదని అర్థమవుతుంది.

పుస్తకాలూ ఉన్నాయి. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' ఒక ముస్లిం ఇంటి పిల్లాడి బాల్యాన్ని తెలుగులో చెప్తాయి. నల్గొండ జిల్లాకు చెందిన స్కైబాబ సంపాదకత్వంలో 'జల్‌జలా' కవితలు, 'వతన్' కథలు వచ్చాయి. వేంపల్లె షరీఫ్ 'జుమ్మా'కు కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం దక్కింది. తన ఇంట్లో మాట్లాడే మాటలు పుస్తకంలో అచ్చయి కనిపిస్తే పిల్లలకు కలిగే ధైర్యం వేరు.

పండుగలూ చెప్తాయి. పల్లెల్లో పీర్ల పండుగకు హిందువులూ పీరు ఎత్తుకుంటారు. జాన్‌పహాడ్ ఉర్సుకు అన్ని కులాలవాళ్లూ వస్తారు, నల్గొండ వైపు హిందూ ఇళ్లల్లో సైదులు అనే పేరు మామూలే. ఈ ఆచారాల మీద మన ఇళ్లల్లో వేర్వేరు అభిప్రాయాలు ఉండొచ్చు. కానీ ఊరు కలిసి బతికిన సంగతి పిల్లలకు తెలియాలి.

హాస్టల్‌కు పంపినప్పుడు

2016లో 71 బడులతో మొదలైన తెలంగాణ మైనారిటీ గురుకులాల్లో అయిదో తరగతి నుంచే పిల్లలు చేరుతున్నారు. చదువు ఇంగ్లిష్ మీడియం. అబ్బాయిలకు, అమ్మాయిలకు వేర్వేరు బడులు. సీట్లలో 75 శాతం మైనారిటీలకు, మిగతావి ఇతరులకు. చదువు పరంగా ఇది పెద్ద మేలు. కానీ పదేళ్లకే ఇల్లు వదిలిన పిల్లకు ఇంటి మాట ఫోన్‌లో వినే అయిదు నిమిషాలే. ఆ అయిదు నిమిషాలూ మార్కుల గురించే అడిగితే మిగిలేది ఏమీ ఉండదు. దాదీ ఎలా ఉందో, ఇంట్లో ఏం వండారో, మేక పిల్ల వేసిందో లేదో చెప్పాలి. సెలవులకు వచ్చినప్పుడు దోస్తుల పేర్లు అడిగి, వాళ్లను ఈద్‌కు షీర్ ఖుర్మాకు పిలవాలి.

ఇంట్లో మొదలుపెట్టగలిగినవి

2017లో ఉర్దూ తెలంగాణ అంతటా రెండో అధికార భాష అయింది. 2018 చట్టంతో బడుల్లో తెలుగు తప్పనిసరి అయింది. అంటే మన పిల్లలకు రెండూ కావాలి, రెండూ హక్కే. వారంలో ఒక రోజు దాదా పిల్లాడికి ఉర్దూ అక్షరాలు నేర్పితే, ఇంకో రోజు పిల్లాడు అమ్మీకి తెలుగు అక్షరాలు నేర్పొచ్చు. పైసా ఖర్చు లేని పని ఇది. ఇంట్లో మూడు రాతల మధ్య గోడ కొద్దికొద్దిగా కరుగుతుంది, పెద్దరికమూ పోదు.

ఇంటి విషయాల్లో చిన్న చిన్న వాటికి పిల్లలతో మష్వరా చేయొచ్చు. నియమం పెట్టినప్పుడు కారణం చెప్పి, ఏడాదికోసారి మార్చుకోవచ్చు. బడిలో పేరెంట్స్ మీటింగ్‌కు అమ్మీ కూడా పోవచ్చు, తెలుగు యాస ఎలా ఉన్నా పర్లేదు. అమ్మీ సిగ్గుపడకపోతే పిల్లా సిగ్గుపడదు.

పిల్లలు తిండి మానేసినా, నిద్ర పట్టకపోయినా, ఎవరితోనూ మాట్లాడకుండా వారాల తరబడి మూలన కూర్చున్నా దాన్ని మొండితనం అని వదిలేయొద్దు. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబర్ 14416. పిల్లలకు ఆపద ఉంటే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098. రెండూ ఉచితం.

పరిశోధనలు ఇలా పెంచితే ఇలాగే అవుతారని హామీ ఇవ్వవు. చాలా ఇళ్లను చూసి ఏది ఎక్కువసార్లు మేలు చేసిందో మాత్రమే చెప్తాయి. అవి చెప్పేది మన పెద్దలకు తెలియని సంగతీ కాదు: ఇంట్లో తన గురించి తాను మంచిగా విన్న పిల్లాడికి బయట ఎవరితో కలవాలన్నా భయం ఉండదు.